మూడు చుక్కల కత్తి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద అని సంఘం కార్యదర్శి అడిగారు. కత్తి మీద అన్నాను. ఫోనులో ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "సభలో చిన్నపిల్లలు కూడా ఉంటారండీ" అన్నారు. భయపడకండి. ఇది పండ్లు కోసుకునే మడత కత్తి. బ్లేడు మూడంగుళాలు. ఇదిగో నా చేతిలో ఉంది. సభ అయ్యాక అందరూ చూడవచ్చు.

ఇంకో భయం నాకే ఉంది. ఈ సభలో సింగరేణి వర్క్‌షాపుల్లో ముప్ఫై ఏళ్ళు చేసినవాళ్ళున్నారు. పాల్వంచ స్పాంజి ఐరన్‌లో, థర్మల్ స్టేషన్‌లో, సారపాక పేపరు మిల్లులో చేసినవాళ్ళున్నారు. మీ ముందు లోహం గురించి మాట్లాడటం కమ్మరి వీధిలో సూదులమ్మడమే. అయితే నేను పుట్టిందే కమ్మరి ఇంట్లో కాబట్టి ఆ మాట నాకు కొంచెం చెల్లుతుందనుకుంటాను.

మా ఊరు ఇక్కడికి నాలుగు మైళ్ళు. 1959 దాకా ఈ ప్రాంతమంతా తూర్పు గోదావరి జిల్లా, తరువాత ఖమ్మం జిల్లా. 2014లో పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టూ ఉన్న పల్లెలు చాలా మళ్ళీ ఆంధ్రకు వెళ్ళాయి. అలా మా ఇల్లు ఒక రాష్ట్రంలో, నా బడి ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. మనలో చాలామంది పరిస్థితి ఇదే. ఈ సంఘం మాత్రం రెండుగా చీలలేదు, అందుకు పెద్దలకు దండం పెట్టాలి.

మా నాయన కొలిమి ఊరి చివర చింతచెట్టు కింద ఉండేది. ఊళ్ళో రైతులు మేర కింద ఏడాదికోసారి వడ్లు కొలిచేవాళ్ళు. అడవిలోంచి వచ్చే కోయవాళ్ళు, కొండరెడ్లు గొడ్డళ్ళూ కత్తులూ చేయించుకుని చింతపండో, జొన్నలో, ఇప్పపువ్వో, ఒక్కోసారి తేనో ఇచ్చేవాళ్ళు. మా అమ్మ తిత్తి ఊదేది. బడి లేని రోజు నేను ఊదేవాణ్ణి. లారీల కమాన్ పట్టీలు, అరిగిపోయిన ఆకురాళ్ళు మా ముడిసరుకు. నాయనకు చదువు రాదు. చేసిన ప్రతి పనిముట్టు మీదా పిడి దగ్గర పంచితో మూడు చుక్కలు కొట్టేవాడు. ఆయన సంతకం అదే.

నాయన దగ్గర నేను చూసిన గొప్ప విద్య ఒకటి చెబుతాను. కత్తిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. కానీ గాజులాగా పెళుసవుతుంది, రాయి తగిలితే విరుగుతుంది. అందుకని దాన్ని మళ్ళీ కొంచెం వేడి చేయాలి. ఎంత కొంచెం? ఎక్కువైతే మెత్తబడిపోతుంది. మా కొలిమిలో థర్మామీటరు లేదు. నాయన కత్తి ఒక పక్కను సానరాయి మీద తళతళలాడేదాకా రుద్ది, నిప్పులకు దూరంగా పట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చునేవాడు. ఆ మెరుపు మీదికి నెమ్మదిగా ఒక రంగు వచ్చేది. ముందు ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ రంగు, ఆ తరువాత వంకాయ రంగు, చివరికి నెమలి మెడ నీలం. చాకుకు ఎండుగడ్డి దగ్గర ఆపేవాడు. గొడ్డలికి వంకాయ దాకా పోనిచ్చేవాడు. స్ప్రింగుకైతే నీలం. ఆ క్షణం దాటిందంటే మళ్ళీ మొదటికి రావాల్సిందే. ఎండుగడ్డి రంగంటే సుమారు 220, 230 డిగ్రీలనీ, నీలమంటే 300 దగ్గరనీ ఐటీఐలో పుస్తకం చూశాక తెలిసింది. నాయన ఆ అంకెలు ఎప్పుడూ వినలేదు. ఆయన తప్పిందీ నేను చూడలేదు.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు ఒకరోజు వాన వెలిసిన తరువాత మమ్మల్ని బయటికి తీసుకెళ్ళి నీటి గుంటలో ఒక చుక్క కిరసనాయిలు వేశారు. రంగులు పరుచుకున్నాయి. "కిరసనాయిలుకు రంగు లేదు, నీళ్ళకూ లేదు. మరి ఈ రంగులెక్కడివి?" అని అడిగారు. పలచటి పొర పై అంచు నుంచి కొంత వెలుగు, కింది అంచు నుంచి కొంత వెలుగు తిరిగివస్తాయి, రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని మాసిపోతాయి, ఏవి మిగులుతాయన్నది పొర మందాన్ని బట్టి ఉంటుంది అని వివరించారు. "ఇలాంటి రంగులు మీరెవరైనా ఇంకెక్కడైనా చూశారా?" అన్నారు. సబ్బు బుడగ అన్నాడొకడు. పావురం మెడ అంది ఒక అమ్మాయి.

నాకు జవాబు తెలుసు. మా కొలిమిలో వారానికి నాలుగుసార్లు చూసేవాణ్ణి. చెయ్యి ఎత్తలేదు.

ఎందుకు ఎత్తలేదో చెప్పడానికే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు ఫారం నేనే నింపాను. తండ్రి వృత్తి అన్నచోట 'వ్యవసాయం' అని రాశాను. పట్నం పిల్లల మధ్య కొత్తగా కూర్చున్నాను. నా చొక్కాకు బొగ్గు వాసన వస్తుందని ఒకడు ముక్కు మూసుకున్నాడు. అందుకని రాశాను. ఆ మరుసటి ఏడు స్కాలర్‌షిప్పు కాగితాల్లో ఒకచోట కమ్మరి అని, ఒకచోట వ్యవసాయం అని ఉండేసరికి తిప్పి పంపారు. తండ్రిని తీసుకురమ్మన్నారు. నాయన పని ఆపుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. గుమాస్తా గారు ఫారం చదివి వినిపించారు. నాయన నా వైపు తిరిగి, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"మనకు భూమెక్కడుందిరా?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను తల దించుకున్నాను. నాయనకు అప్పుడు అర్థమయింది. ఇంకేమీ అడగలేదు. చూపించినచోట వేలిముద్ర వేశాడు. స్కాలర్‌షిప్పు కాగితం సరిచేశారు. బడి రిజిస్టరులో మాత్రం వ్యవసాయం అలాగే ఉండిపోయింది. నాలుగు మైళ్ళూ ఇద్దరం మాట్లాడకుండా నడిచి ఇంటికి పోయాం. ఆ తరువాత వానలో కిరసనాయిలు రంగుల గురించి మాస్టారు అడిగినప్పుడు చెయ్యి ఎత్తితే, కొలిమి అనాలి, మా నాయన అనాలి. నా నోరు రాలేదు.

1980 వేసవిలో పదో తరగతి పరీక్షలు అయ్యాక నాయన నాకొక మడత కత్తి ఇచ్చాడు. అరిగిపోయిన ఆకురాయితో చేసిన బ్లేడు, జిట్రేగి చెక్క పిడి. మంగలి కత్తి తరహా. దానికి తాళం ఉండదు. బ్లేడు వెనక చిన్న తోక ఉంటుంది, కత్తి తెరిచినప్పుడు ఆ తోక పిడి వెనక్కి వచ్చి అరచేతి కింద ఇరుక్కుంటుంది. చెయ్యి బిగించి పట్టుకున్నంతసేపూ కత్తి మూసుకోదు. తోక మీద మూడు చుక్కలు. ఐటీఐకి పోయేటప్పుడు ఆ కత్తిని ఇంట్లోనే వదిలేసి పోయాను. మరిచిపోయి కాదు.

తరువాత హైదరాబాదు. బాలానగర్‌లో అప్రెంటిసుగా మొదలై, ఫిట్టరునై, మిల్లింగు నేర్చుకుని, చివరికి రెండు మిషన్లతో సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాను. పెద్ద సంస్థలకు విడిభాగాలు చేసేవాళ్ళ దగ్గర నుంచి నాకు చిన్న చిన్న పనులు వచ్చేవి. అక్కడే మొదటిసారి టైటానియం ముట్టుకున్నాను.

ఈ లోహం గురించి పిల్లల కోసం రెండు మాటలు. 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ అనే పాదిరీ నల్ల ఇసుకలో ఇదేదో కొత్త పదార్థమని గుర్తించాడు. 1795లో జర్మనీలో క్లాప్రోత్ దీనికి గ్రీకు పురాణాల్లోని టైటన్ల పేరు పెట్టాడు. అయినా ఖనిజం నుంచి పనికొచ్చే లోహంగా తీయడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది. ఆ పద్ధతి క్రోల్ అనే లక్సెంబర్గ్ శాస్త్రవేత్తది. ఉక్కు ఒక ఘన సెంటీమీటరు దాదాపు 7.8 గ్రాములు తూగితే ఇది నాలుగున్నర గ్రాములే. తుప్పు పట్టదు. 1668 డిగ్రీల దగ్గర గానీ కరగదు. దీని ఖనిజం మనకు దూరమేమీ కాదు, భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా సముద్రపు ఒడ్డున నల్ల ఇసుకలో ఉంది. కేరళలోని చవరలో దీని స్పాంజి తీసే కర్మాగారం 2011లో మొదలైతే, దానికి పరిజ్ఞానం మన హైదరాబాదు డీఎంఆర్ఎల్ ఇచ్చింది. రాకెట్లకూ విమానాలకూ కావలసిన టైటానియం మిశ్రమాలు 1973లో కంచన్‌బాగ్‌లో పెట్టిన మిధాని చేస్తుంది. ఒకప్పుడు నిజామాబాదు దగ్గర కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారంటారు. లోహం విషయంలో మనది చిన్న చరిత్ర కాదు.

మొదటిరోజు టైటానియానికి బెజ్జం వేస్తున్నాను. ఈ లోహం వేడిని తొందరగా వదలదు, అంతా డ్రిల్లు మొన దగ్గరే ఉంటుంది. చుట్టలు తిరుగుతూ వచ్చిన పొట్టు మీద రంగులు కనిపించాయి. ఎండుగడ్డి, వంకాయ, నెమలి మెడ. మిషను ఆపేసి ఆ పొట్టు చేతిలోకి తీసుకుని ఎంతసేపు చూశానో నాకు తెలియదు. సూపర్‌వైజరు వచ్చి తిట్టాడు.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు వచ్చింది. మీలో చాలామంది అప్పుడు ఇక్కడే ఉన్నారు, నేను వర్ణించక్కర్లేదు. వారం తరువాత దారి దొరికి ఊరు చేరితే, చింతచెట్టు ఉంది గానీ కొలిమి లేదు. తిత్తి లేదు, బొగ్గు లేదు. నేనూ నాయనా ఒండ్రు తవ్వి దాగలిని బయటికి తీశాం. అంత బరువు దాన్ని గోదావరి కూడా మొయ్యలేక వదిలేసింది. పది రోజుల్లో నాయన మళ్ళీ పని మొదలుపెట్టాడు. నా మడత కత్తి ఏమయిందని నేను అడగలేదు. 1996లో నాయన పోయాడు.

2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులు వచ్చినప్పుడు అమ్మను హైదరాబాదు తీసుకుపోదామని వచ్చాను. అటక మీంచి ఒక రేకు పెట్టె దించమంది. అందులో నూనె గుడ్డలో చుట్టి ఆ బ్లేడు ఉంది. పిడి లేదు. వరదలో నాని చెక్క కుళ్ళిపోయిందట. నాయన తుప్పు గీకి, నూనె రాసి, ప్రతి దసరాకూ బయటికి తీసి మళ్ళీ రాసి పెట్టేవాడట.

"మరి పిడి ఎందుకెయ్యలేదమ్మా?" అన్నాను.

"నువ్వొచ్చి అడిగితే నీ చేతి కొలత చూసి వేద్దామన్నాడు. చిన్నప్పటి చెయ్యి కాదుగా అన్నాడు. నువ్వు అడగలేదు" అంది అమ్మ.

ఆ పిడి నేనే వేద్దామనుకున్నాను. అప్పటికి షెడ్డు పని తగ్గించుకున్నాను, టైటానియం ముక్కలు మిగిలి ఉన్నాయి. 3 మిల్లీమీటర్ల మందం రేకులో రెండు పక్కలు కోశాను. తుప్పు మచ్చలు తీయడానికి బ్లేడును గ్రైండరుకు పెట్టలేదు. వేడెక్కితే నాయన పెట్టిన పదును పోతుంది. నీళ్ళు చల్లుకుంటూ సానరాయి మీద చేత్తోనే రుద్దాను. తొమ్మిది రోజులు పట్టింది.

అయితే నాకూ గొప్ప కోసం ఒక ఆశ పుట్టింది. పై దేశాల్లో కత్తులు చేసేవాళ్ళు టైటానియం పిడి పక్కనే నాలుకలాగా చీల్చి, అదే లోపలికి వంగి బ్లేడును ఆపేలా తాళం చేస్తారు. దాన్ని ఫ్రేమ్ లాక్ అంటారు. క్రిస్ రీవ్ అనే దక్షిణాఫ్రికా ఆయన దాన్ని ప్రసిద్ధం చేశాడు. చాలా అందమైన పని. నా మిషను మీద సాధ్యమే. కానీ అది పెట్టాలంటే బ్లేడు వెనక తోక కోసేసి, అక్కడ ఏటవాలుగా అరగదీయాలి.

పిడి మీద బొమ్మ చెక్కించడానికి మన బ్యాచి మిత్రుడి దగ్గరికి ఖమ్మం పోయాను. వాడు నలభై ఏళ్ళుగా స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొడుతున్నాడు. ఖమ్మంలో వాడు పేరు కొట్టిన పెళ్ళి గిన్నె లేని ఇల్లు తక్కువ. తోక కోస్తానని గీసుకున్న గీత చూశాడు. కళ్ళజోడు పైకి జరిపి చుక్కలు లెక్కపెట్టాడు.

"ఇదేందిరా, సంతకం కోసేస్తావా? బ్లేడు మీ నాయనది, తాళం అమెరికాది, పేరు నీది. సొమ్మొకడిది సోకొకడిది" అన్నాడు.

రెండోసారి నేను మా నాయన పేరు కొట్టేయబోయాను. వాడు ఆపాడు. తోక అలాగే ఉంచాను. తాళం లేదు, నాయన పెట్టిన పద్ధతే. టైటానియం రాపిడికి అంటుకునే గుణం ఉన్న లోహం కాబట్టి బ్లేడుకూ పిడికీ మధ్య ఫాస్ఫర్ బ్రాంజు వాషర్లు వేశాను. అంతే నా మార్పు.

చెక్కడం గురించి కొంచెం చెప్పాలి. స్టీలు గిన్నె మీద నడిచే ఉలి టైటానియం మీద జారుతుంది, లేదా కరుచుకుని ఆగుతుంది. మావాడి మొదటి రెండు ఉలులు మొనలు పోయాయి. మూడోది కార్బైడుది తెచ్చాను. లోతు తక్కువ, దెబ్బలు ఎక్కువ అని వాడే దారి కనిపెట్టాడు. ఒక పక్క గోదావరి అలలు, ఇంకో పక్క ఇప్పపూల కొమ్మ. అన్నీ ఒకేసారి చెక్కలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

టైటానియానికి రంగు పూయక్కర్లేదు. నీళ్ళలో కొంచెం వంట సోడా కలిపి, అందులో ఒక స్టీలు ముక్కను కరెంటు మైనసుకూ, టైటానియాన్ని ప్లస్సుకూ కలిపితే, లోహం మీద దాని ఆక్సైడే పలచగా, పారదర్శకంగా పెరుగుతుంది. వోల్టేజి ఎంత పెంచితే పొర అంత మందం. 15, 16 వోల్టుల దగ్గర కంచు రంగు, 27 దగ్గర ముదురు నీలం, 50 దాటాక లేత బంగారు రంగు, 75 దగ్గర గులాబి, 95 దగ్గర ఆకుపచ్చ. ముక్కను బట్టి అటూ ఇటూ అవుతుంది. నీలం రంగు పొర మందం వెంట్రుక మందంలో వెయ్యో వంతు లోపే. మాస్టారు నీటి గుంటలో చూపించిందీ ఇదే, నాయన నిప్పుల దగ్గర చూసిందీ ఇదే. ఆయన వేడితో పెంచిన పొరను నేను కరెంటుతో పెంచాను, అంతే తేడా.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఎక్కువ వోల్టేజీలో ఏర్పడిన పొరను తరువాత తక్కువ వోల్టేజి ఏమీ చెయ్యలేదు. అందుకని ముందు పిడి మొత్తాన్ని 95 వోల్టుల దగ్గర ఆకుపచ్చ చేశాను. అప్పుడు మావాడు అలలు చెక్కాడు. ఉలి నడిచినచోట పొర పోయి వట్టి లోహం బయటపడింది. దాన్ని 27 వోల్టులలో ముంచితే ఆ గీతలు మాత్రమే నీలమయ్యాయి. పచ్చదనం చెక్కుచెదరలేదు. ఆ తరువాత ఇప్పపూలు చెక్కి 16 వోల్టులు పెడితే పూలు కంచు రంగుకు వచ్చాయి. క్రమం తిరగబడితే అన్నీ పోయేవి.

జరిగిన తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు ఇదంతా సులువనుకుంటారు. మొదటిసారి కడిగిన ముక్కను చేత్తో పట్టుకున్నాను. రంగు వచ్చాక బొటనవేలి గీతలు అచ్చుపడ్డాయి. పొర తీసి మళ్ళీ మొదలుపెట్టాను. రెండోది, ఇనుము గీకిన గ్రైండరు మీదే టైటానియం గీకాను. ఇనుప రవ్వ కింద పేరుకున్న టైటానియం పొడి మీద పడి తెల్లటి మంట లేచింది. సాయం చేసే కుర్రాడు నీళ్ళ బకెట్ ఎత్తాడు. గట్టిగా అరిచి ఆపాను. ఆ మంట మీద నీళ్ళు పోస్తే ఇంకా పెద్దదవుతుంది, పొడి ఇసుకే చల్లాలి. ఆ రోజు ఇసుక అక్కడ ఉండబట్టి బతికిపోయాం. మూడోది, నా ఆకుపచ్చ మీరు చూస్తే కొంచెం మసకగా ఉంటుంది. నిగనిగలాడే పచ్చ రావాలంటే ముందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న ద్రావకంలో ముంచాలి. అది చర్మంలోంచి ఎముక దాకా పోతుంది. అలాంటిది ఇంట్లో పెట్టుకోను. కాబట్టి నా పిడి మీది అడవి వానాకాలపు అడవి కాదు, ఎండాకాలపు అడవి. మన ప్రాంతం వాళ్ళకు అదీ తెలిసిన రంగే.

కత్తి పూర్తయ్యాక అమ్మకు చూపించాను. రంగుల మీద వేలు తిప్పింది. తెరిచి, మూసి, "నీ చేతికి సరిపోయిందా?" అంది. సరిపోయిందన్నాను. అంతే.

పోయిన ఏడు తునికాకు కోత రోజుల్లో చింతూరు వైపు ఒక కోయగూడేనికి పోయాను. ఒక ముసలాయన వెదురు చీలుస్తున్నాడు. మామిడికాయ కోయడానికి ఈ కత్తి తీస్తే చూడ్డానికి ఇమ్మన్నాడు. ఆకుపచ్చ చూసి మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పిడి వంక చూడలేదు. తోక మీద గోరు పెట్టి తడిమాడు.

"మూడు చుక్కల కమ్మరి కొడుకువా?" అన్నాడు.

లేచి లోపలికి పోయి ఒక గొడ్డలి తెచ్చాడు. కామ మూడుసార్లు మార్చాడట. గొడ్డలి అదే. కన్ను దగ్గర మూడు చుక్కలు. నాయన పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. నలభై ఏళ్ళు నేను దాచిన సంగతి ఆ గూడెంలో అందరికీ తెలుసు. గొడ్డలి అంచు మీద ఎక్కడా పెచ్చు లేదు. నేను ఆ గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మామిడికాయ తానే కోసి నాకొక చెక్క ఇచ్చాడు.

మిత్రులారా, నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. రెండు విన్నపాలతో ముగిస్తాను.

ఒకటి. ఇప్పటి సైన్సు మాస్టార్లు ఒప్పుకుంటే పదో తరగతి పిల్లలకు ఈ రంగుల ప్రయోగం నేనే వచ్చి చూపిస్తాను. టైటానియం ముక్కలు నేను తెస్తాను. 9 వోల్టుల బ్యాటరీలు మూడు వరసగా కలిపితే 27 వోల్టులు, నీలం వస్తుంది. వంట సోడా, స్టీలు చెంచా చాలు. అంతకు మించి వోల్టేజి పిల్లల చేతికి ఇవ్వను. చూపించాక మాస్టారు అడిగిన ప్రశ్నే నేనూ అడుగుతాను, ఇలాంటి రంగులు ఇంకెక్కడైనా చూశారా అని. కొలిమిలో అని ఎవరైనా చెయ్యి ఎత్తితే, ఆ బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టండి.

రెండు. నిన్న బడి ఆఫీసుకు పోయి పాత అడ్మిషన్ రిజిస్టరు చూశాను. నా పేరు ఎదురుగా తండ్రి వృత్తి వ్యవసాయం అని నా రాతలోనే ఉంది. ఇన్నేళ్ళ తరువాత రిజిస్టరు దిద్దడం కుదరదని ప్రధానోపాధ్యాయులు మర్యాదగానే చెప్పారు. వారు చెప్పింది సబబే. అందుకని ఈ స్వర్ణోత్సవ సంచిక సంపాదకులను అడుగుతున్నాను. నా ప్రసంగంలో మిగతాది ఎంత తగ్గించినా పర్వాలేదు, ఈ ఒక్క సవరణ మాత్రం అచ్చు వేయండి.

మాకు భూమి లేదు. మా నాయన వృత్తి కమ్మరం.

సెలవు.